క్లిప్పు కింది రంగు

మా ఆయనకి ఎరుపు తెలియదు. ఆకుపచ్చా తెలియదు, బ్రౌనూ తెలియదు. ఆ మూడూ ఆయన కంటికి ఒకే మట్టిరంగులో కలిసిపోతాయి. నీలం, పసుపు మాత్రం నాకంటే బాగా కనిపెడతారు. ఇలాంటి మనిషి పాతికేళ్ళు బండ్లకి వైరింగ్ చేసి బతికాడంటే ఎవరికీ నమ్మబుద్ధి కాదు. కానీ బతికాం. ఎలాగంటే, పక్కన నేనుండేదాన్ని.

ఆయన చెయ్యి చాపి వైరు కొస చూపిస్తారు. నేను రంగు పేరు ఒక్క ముక్కలో చెబుతాను. రెండోసారి అడగరు. నాకు నోరు ఎక్కువని ముందే పేరు కాబట్టి, షెడ్డుకి వచ్చినవాళ్ళంతా నేను కబుర్లకి కూర్చుంటాననుకునేవారు. ఆ కబుర్ల మధ్యలోనే రంగులు దొర్లించేదాన్ని. రంగులు తెలియని వాడి చేత వైరింగ్ చేయించుకునేదెవరు? ఈ సంగతి బయటికి పొక్కిందంటే షెడ్డు మూసుకోవాల్సిందే. అందుకని మా తమ్ముడికి కూడా చెప్పలేదు.

ఆ ఎండాకాలం మొదట్లో మా తమ్ముడు నాన్న పికప్ ట్రక్కుని ఇంకో బండికి కట్టి లాక్కొచ్చాడు. నాన్న దాన్ని కొనేటప్పటికి నేను పుట్టలేదు. అందుకని దాన్ని ‘పెద్దమ్మాయి’ అనీ, నన్ను ‘చిన్నమ్మాయి’ అనీ పిలిచేవాడు. ఒక ఇనుప ముక్కకి నేను చెల్లెలినవడం నాకు ఒళ్ళుమంటగా ఉండేది. నాన్న పోయాక పదకొండేళ్ళుగా అది తమ్ముడి మొక్కల నర్సరీ వెనక రేకుల కింద పడి ఉంది.

“ఇంజిను బ్రహ్మాండంగా ఉందన్నాడు మెకానిక్కు. మిగిలిందల్లా ఈ డాష్‌బోర్డే బావా” అన్నాడు తమ్ముడు. “నాన్న ఉన్నప్పుడు ఎలా వెలిగేదో అలా వెలగాలి. ఆ గుండ్రటి మీటర్లు, వెనక పసుప్పచ్చ దీపాలు. నాన్న ఒళ్ళో కూర్చుని చూసేవాళ్ళం, గుర్తుందా అక్కా?”

“నువ్వు కూర్చునేవాడివి. నన్ను వెనకాల బస్తాల మీద పడేసేవారు.”

“నీ వాగుడు భరించలేకే.”

మా ఆయన నవ్వలేదు. డాష్‌బోర్డు కింద తల దూర్చి చూస్తున్నారు. రెండు వేళ్ళతో ఒక వైరుని పట్టుకోగానే దాని పైపొర పొడిపొడిగా రాలి, లోపలి రాగి బయటపడింది. “ఇన్నాళ్ళూ ఇది తగలబడకపోవడం మీ నాన్న చేసుకున్న పుణ్యంరా” అన్నారు. “ఒక్క వైరు కూడా ఉంచడానికి లేదు. మొత్తం కొత్తది కట్టాలి.”

“నువ్వు కడితే నాకింకేం భయం బావా?” అని వాడు తాళాలు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

అప్పటికే నా కళ్ళు తేడాగా ఉన్నాయి. ఆ ఏడాది మొదటి నుంచీ దీపం చుట్టూ వలయాలు కనిపిస్తున్నాయి. తెల్ల గోడ మాసినట్టుండేది. పాలు విరిగాయేమోనని రెండుసార్లు పారబోశాను. ఉతికిన దుప్పటి పసుపెక్కిందని సబ్బుని తిట్టాను. మా అమ్మకి యాభై దాటగానే శుక్లాలు వచ్చాయి కాబట్టి నాకు వచ్చినవేంటో నాకు తెలుసు. తెలిసీ డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. వెళితే ఆయనకి తెలుస్తుంది. ఆయనకి ఉన్నవి నా కళ్ళే. అవీ పోయాయని ఏ మొహంతో చెప్పను? ఇంకొన్నాళ్ళు నెట్టుకొద్దాం అనుకున్నాను.

పాత వైర్లని కట్ట చెదరకుండా బయటికి తీసి, పెద్ద ప్లైవుడ్ చెక్క మీద పరిచారు. వంపు ఉన్నచోటల్లా ఒక మేకు కొట్టారు. పాత వైరు పక్కనే అదే పొడవుకి, అదే లావుకి, అదే రంగుకి కొత్తది వేసుకుంటూ పోవాలి. పొడవు ఆయన చూసుకుంటారు, లావు ఆయన వేళ్ళు చెబుతాయి. రంగు నా వంతు.

యాభై ఏళ్ళ ఎండకీ నూనెకీ ఆ వైర్ల గుడ్డపొరలన్నీ ఒకేలా నల్లబడి ఉన్నాయి. అలాంటి వాటికి నాకొక పద్ధతి ఉంది. వైర్ల కట్టని బండి రేకుకి పట్టి ఉంచడానికి అక్కడక్కడా రేకు క్లిప్పులుంటాయి. ఆ క్లిప్పు ఊడదీస్తే దాని కింద వేలెడు మేర అసలు రంగు అలాగే ఉంటుంది. మురికి చేరదు, ఎండ తగలదు. గోటితో క్లిప్పు లేపి, చూసి, అప్పుడు చెబుతాను. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు.

రెండో వారంలో ఒక మధ్యాహ్నం ఆయన చెయ్యి చాపారు. క్లిప్పు లేపి చూశాను.

“ఆకుపచ్చ” అన్నాను.

ఆయన చెయ్యి గాల్లోనే ఆగింది. ఆకుపచ్చ వైరు చుట్ట వైపు వెళ్ళాల్సిన చెయ్యి. ఒక్క క్షణం అంతే. తరవాత నీలం చుట్ట అందుకుని, కొలిచి, కత్తిరించారు. నీలం ఆయనకి బాగా తెలుస్తుందని చెప్పాను కదా.

రేకు కప్పు ఎండకి టపటపమంటోంది. షెడ్డులో ఏదీ కాలకపోయినా కాలిన గుడ్డ వాసన వస్తోందనిపించింది. “ఏదైనా మాడుతోందా?” అని అడిగాను. “లేదే” అన్నారు. మొహం నా వైపు తిప్పలేదు.

ఆ పూటే చెప్పేసి ఉండాల్సింది. ‘ఏమండీ, నాకు సరిగ్గా కనిపించడం లేదు’ అని నాలుగు మాటలు. ఊరంతటికీ వినపడేలా మాట్లాడేదాన్ని, ఆ నాలుగు మాటలకి నాకు నోరు పెగల్లేదు. పైగా కోపం వచ్చింది. నా మాట దాటి నీలం తీసుకున్నందుకు ఆయన మీద కోపం. కళ్ళు పోతున్నది నావి, తప్పు చెప్పింది నేను, కోపం ఆయన మీద. నా బుద్ధి అలాంటిది.

మర్నాటి నుంచి, వైరులో కరెంటు పారితే వెలిగే టెస్టు లాంపు ఆయన ఒళ్ళో ఉండేది. నేను రంగు చెప్పగానే బ్యాటరీకి ఆనించి, కొస కొసా వెతికి, సరిచూసుకునేవారు. పాతికేళ్ళలో నా పక్కన కూర్చుని ఆయన అలా చేయడం నేను చూడలేదు. నేను మరీ గట్టిగా, మరీ తొందరగా చెప్పడం మొదలుపెట్టాను. క్లిప్పు లేపి తేరిపార చూస్తే, తడబడుతున్నానని ఆయనకి తెలిసిపోతుంది. అందుకని లేపకుండానే చెప్పేసేదాన్ని.

అలా చెప్పినవాటిలో హారన్‌కీ డాష్‌బోర్డు దీపాలకీ వెళ్ళే వైరు ఒకటి.

“ఎరుపు” అన్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ బండిలో ఎర్ర వైర్లన్నీ నేరుగా బ్యాటరీ బోల్టుకి వెళతాయి. బ్రౌను వైర్లు పక్కనే ఉన్న ఫ్యూజు పెట్టెకి వెళతాయి. బ్రౌను వైరు ఎక్కడైనా ఒరుసుకుని రేకుకి తగిలితే ఫ్యూజు ఎగిరిపోతుంది, వైరు చల్లబడుతుంది. ఎర్రదానికి ఆ అడ్డు లేదు, తగిలిందంటే కాలుతూనే ఉంటుంది. రెండూ ఒకే లావు. తాళం తిప్పినా తిప్పకపోయినా రెండిట్లోనూ కరెంటు ఉంటుంది. టెస్టు లాంపు రెండిటికీ ఒకేలా వెలుగుతుంది. ఎరుపో బ్రౌనో చెప్పగలిగింది షెడ్డులో నేనొక్కదాన్నే.

ఆయన దాన్ని రెండుసార్లు తిప్పి చూశారు, ఆయనకేం తెలుస్తుంది? “ఎరుపేనా?” అన్నారు. అదే మొదటిసారి ఆయన నన్ను రెండోసారి అడగడం.

“ఎన్నిసార్లు చెప్పాలి?” అన్నాను.

ఎర్ర వైరు కత్తిరించి బ్యాటరీ బోల్టు వైపు కలిపేశారు.

నెల చివరికి డాష్‌బోర్డు బండిలోకి ఎక్కింది. రేకుకి రంగు వేయించాం, మీటర్ల అద్దాలు తోమాం, విరిగిన స్విచ్చుకి ఆయనే చెక్కతో పిడి చేశారు. తమ్ముడు వచ్చి సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. ముళ్ళన్నీ ఒక్కసారి వణికి లేచాయి, పసుప్పచ్చ దీపాలు వెలిగాయి, హారన్ మోగింది. వాడు స్టీరింగు మీద తల ఆనించుకుని కాసేపు అలాగే ఉండిపోయాడు. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పని ముగించే ముందు మా ఆయన ప్రతి బండికీ చేసే పరీక్ష ఒకటుంది. చిన్న పట్టుకారుతో ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతారు. ఏది పీకితే ఏది ఆరిపోవాలో ఆయనకి నోటికి వచ్చు. ఫ్యూజులన్నీ పీకినా ఇంకా ఏదైనా వెలుగుతోందంటే, దానికి ఫ్యూజు లేదన్నమాట. పట్టుకారు తీసుకుని ఫ్యూజు పెట్టె మీదికి వంగారు.

“అన్నీ వెలుగుతున్నాయి కదా, ఇంకా ఏం చూస్తారు?” అన్నాను.

ఆయన నా వైపు చూశారు. తరవాత సీట్లో ఉన్న మా తమ్ముడి వైపు చూశారు. తప్పు బయటపడితే అది రంగు తప్పే అవుతుంది, రంగు తప్పంటే నా తప్పు, అదీ నా తమ్ముడి ఎదురుగా. ఇదంతా ఆయన మొహంలో నాకు స్పష్టంగా కనిపించింది. ఆ మసకలో కూడా కనిపించింది. పట్టుకారు జేబులో పెట్టుకున్నారు.

“పొగ గానీ వాసన గానీ వస్తే ముందు ఈ ఫ్యూజులు పీకెయ్” అని మాత్రం వాడికి చూపించారు. “పీకితే చాలు, అంతా చల్లబడిపోతుంది.”

బండి గేటు దాటుతుంటే హమ్మయ్య అనుకున్నాను. అలా అనుకున్నందుకు నన్ను నేను ఇవాళ్టికీ క్షమించుకోలేదు.

ఆ తరవాత పది రోజులు నాకు సరిగ్గా అన్నం సయించలేదు. ఆయన పనిలో ఉంటే ఆ పాత వైర్ల చెక్క వైపు చూసేదాన్ని. గోడకి ఆనించి అలాగే ఉంది. పదకొండో రోజు పొద్దున్న, ఆ హారన్ వైరు క్లిప్పు లేపాను. కళ్ళు చికిలించి చూశాను, వాకిట్లోకి తెచ్చి చూశాను. ఎరుపులాగే ఉంది. బ్రౌనులాగానూ ఉంది. ఆ ముక్క కత్తిరించి పక్కనున్న టైలరు దగ్గరికి పట్టుకెళ్ళాను. దారాలతో బతికేవాడు, రంగు తప్పు చెప్పడు.

“ఇదే రంగు బాబూ?”

“బ్రౌనమ్మా” అన్నాడు, మిషను ఆపకుండానే. తరవాత ఆపి నా మొహం చూశాడు. “ఏమ్మా, అంత తెలియడం లేదా?”

ఇంటికి వచ్చీ రాగానే తమ్ముడికి ఫోను చేశాను.

“ఒరేయ్, బండి ఒకసారి తీసుకురారా.”

“ఏమైందక్కా?”

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. “ఏం లేదు. మీటరు అద్దం వదులుగా ఉందంటున్నారు మీ బావ, బిగిస్తారట.”

“గట్టిగానే ఉందే! సరే, ఆదివారం తెస్తాలే. ఈ రెండ్రోజులూ మొక్కలు వేసి రావాల్సినవి బోలెడున్నాయి.”

“ఇవాళ తేకూడదూ?”

“అద్దం కోసమా? పెద్దమ్మాయి మీద బెంగ పెట్టుకున్నానని చెప్పవేం?” అని నవ్వి పెట్టేశాడు.

మళ్ళీ చేసి చెప్పొచ్చు. ‘బండి ఎక్కకు, కాలిపోతావు’ అని ఒక్క మాట. అప్పుడు ఎందుకని అడుగుతాడు, దానికి జవాబు చెబితే ఆయన కళ్ళ సంగతీ, నా కళ్ళ సంగతీ, షెడ్డు సంగతీ అన్నీ బయటికొస్తాయి. రెండు రోజులే కదా అనుకున్నాను. షెడ్డులోకి వెళ్ళాను. ఆయన ఇంకో బండి కింద పడుకుని ఉన్నారు.

“ఆదివారం వాడు బండి తెస్తున్నాడు. ఫ్యూజులు పీకి చూడండి” అన్నాను.

ఆయన బండి కిందనుంచి బయటికి వచ్చారు. చేతులు తుడుచుకుంటూ నా చేతిలోని వైరు ముక్కని చూశారు. అందులో ఆయనకి కనిపించే రంగేమీ లేదు, అయినా అర్థమైంది.

“చూస్తాను” అన్నారు. ఆయనా ఫోను తీసి, కాసేపు పట్టుకుని, మళ్ళీ జేబులో పెట్టుకోవడం చూశాను.

శనివారం పొద్దున్న తొమ్మిదింటికి మరదలు ఫోను చేసింది. ఏడుపులో మాటలు సరిగ్గా అర్థం కాలేదు. ఆసుపత్రి అన్నది మాత్రం అర్థమైంది.

మేం వెళ్ళేసరికి వాడు మంచం మీద కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి మోచేతిదాకా కట్టు. కనుబొమలు కాలిపోయి మొహం ఎవరిదోలా ఉంది. డాక్టరు మరదల్ని పక్కకి పిలిచి, బొటనవేలూ పక్క రెండు వేళ్ళూ ఇక వంగకపోవచ్చని చెబుతున్నాడు. అది నాకు వినిపించింది. ఒక మొక్క కొమ్మని ఇంకో మొక్కకి అతికించి అంటు కట్టేవాడికి ఆ మూడు వేళ్ళే జీవనం. వెంట్రుకవాసి తేడా లేకుండా కోసి, రెండు కోతలూ కలిపి, పట్టీ చుట్టాలి. వాడి చేతి అంటు తప్పదని చుట్టుపక్కల అందరూ అనేవారు.

“పొగ వచ్చింది బావా” అన్నాడు. “నువ్వు చెప్పినట్టే ఫ్యూజులు పీకేశాను. ఒకటి పీకాను, రెండు పీకాను, అన్నీ పీకేశాను. అయినా కాలుతూనే ఉంది. వెనకాల లోడంతా మొక్కలు, ముందు నాన్న బండి. ఏం చేయాలో తోచక చెయ్యి పెట్టి వైరు లాగేశాను. బావా, ఫ్యూజు పీకినా ఎందుకు కాలింది?”

నేను గోడకి ఆనుకున్నాను. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకుంటూ నోరు తెరిచాను.

“నా తప్పురా” అన్నారు మా ఆయన. “బ్రౌను వైరుని ఎర్ర వైరనుకుని నేరుగా బ్యాటరీకి కలిపేశాను. నాకు ఆ రెండిటికీ తేడా తెలియదు. పుట్టినప్పటి నుంచీ తెలియదు.”

మరదలు ఏడుపు ఆపి తలెత్తింది. తమ్ముడు మంచం మీద ముందుకి వంగాడు.

“రంగులు తెలియవా? తెలియకుండానే ఇన్ని బండ్లు కట్టావా? తెలిసి తెలిసి నా బండిలో చెయ్యి పెట్టావా?”

“పెట్టాను.”

“అక్కకి తెలుసా?”

“నా సంగతి తెలుసు. పక్కనుండి చెబుతూ ఉంటుంది.”

తమ్ముడు నా వైపు తిరిగాడు. ఆ చూపులో అప్పటికి కోపం లేదు, ఒక ప్రశ్నే ఉంది. “మరి ఆ వైరు కట్టేటప్పుడు నువ్వు పక్కన లేవా అక్కా?”

“లేదు” అన్నారు మా ఆయన, నేను ఊపిరి తీసుకునేలోపే. “ఇంట్లో పనిలో ఉంది. ఆగలేక నేనే కట్టేశాను.”

వాడి కళ్ళు నా మీదే ఉన్నాయి.

నేను తలూపాను.

ఇంటికి వచ్చే దారిలో, “ఎందుకలా చెప్పారు?” అని అడిగాను. “వాడికి బావ లేకపోయినా గడుస్తుంది. నీకున్నది వాడొక్కడే కదా” అన్నారు. చాలా మామూలుగా అన్నారు. నేను ఏడ్చాను కానీ, వెనక్కి వెళదామని అనలేదు.

వానలు మొదలయ్యేలోపు షెడ్డు మూతపడింది. ఎవరూ వచ్చి గొడవ చేయలేదు, రావడం మానేశారంతే. ఆయనిప్పుడు ఒక గోదాములో కాపలా ఉంటున్నారు. అదే నెలలో నాకు ఆపరేషను అయింది, రెండు కళ్ళకీ. కళ్ళు ఈమధ్యే మసకేశాయని తమ్ముడికి చెప్పాను. ఇప్పుడు తెలుపు తెలుపే, ఎరుపు ఎరుపే.

తమ్ముడి వేళ్ళు వంగలేదు. అందుకని రోజూ పొద్దున్నే నర్సరీకి వెళ్ళి, వాడు చెబుతుంటే నేను అంట్లు కడుతున్నాను. కోత లోపల, బెరడు కింద సన్నగా ఒక ఆకుపచ్చ పొర ఉంటుంది. ఆ పొరా ఈ పొరా సరిగ్గా కలవాలి. నాకు బాగా కనిపిస్తుంది. నేను కట్టినవి నూటికి తొంభై బతుకుతున్నాయి. వాడు మా ఇంటి గడప తొక్కడు, ఆయన పేరెత్తడు. నా మీద మాత్రం ఈగ వాలనివ్వడు.

మొన్న కొత్తగా చేరిన పనమ్మాయికి నన్ను చూపించి, “మా అక్క కళ్ళు చూశావా?” అన్నాడు. “ఆ రోజు ఈవిడ పక్కనుండి ఉంటే నా చెయ్యి నాకుండేది.”

పనమ్మాయి నా వైపు గౌరవంగా చూసింది. నేను పట్టీ చుట్టడం పూర్తిచేసి, ఇంకో మొక్క అందుకున్నాను.